పేరయ్య గారి తీర్పు విన్న మైకు

నేను ఒక మైకును. మనిషిని పొట్టే గాని గొంతు పెద్దది. ఎక్కడో రేకుల షెడ్డులో పుట్టి, ఏలూరులో షామియానాలు అద్దెకిచ్చే కొట్టుకు చేరాను. పదేళ్ళు పెళ్ళిళ్ళలో "భోజనాలు చేసి వెళ్ళవలసిందిగా ప్రార్థన" అని మొత్తుకున్నాను. "రెండే రెండు మాటలు" అంటూ నన్ను పుచ్చుకున్న ఏ పెద్దమనిషీ గంటకు ముందు వదిలిన పాపాన పోలేదు. మనుషుల గురించి నాకున్న జ్ఞానంలో సగం వాళ్ళ తుంపర్ల వల్ల అబ్బిందే.

కొట్టు మూతపడ్డాక ఊళ్ళో ఫిల్మ్ క్లబ్బువాళ్ళు నన్ను తెచ్చుకున్నారు. అక్కడ నా దశ తిరిగింది. క్లబ్బులో నీలవేణి అనే అమ్మాయి పదకొండు నిమిషాల ప్రయోగాత్మక చిత్రం తీసింది. అందులో ఒక ముసలామె అరుగు మీద కూర్చుని సుత్తితో చింతపండు కొడుతుంది. గింజ రాలుతుంది, మళ్ళీ కొడుతుంది. అంతే కథ. ఏడో నిమిషంలో ఆమె చెయ్యి కాసేపు గాల్లో ఆగి, మళ్ళీ కొట్టడం మొదలెడుతుంది. అక్కణ్ణుంచి చివరిదాకా నీలవేణి గొంతు: "గింజ కాలం, గుజ్జు మనిషి..." ఆ మాటలు దుప్పటి ముసుగేసుకుని నాలోకే చెప్పింది. అంటే నేను సినిమాకెక్కానన్నమాట. ఆ గర్వంతో వారం రోజులు నాకు నేల ఆనలేదు.

ఆదివారం క్లబ్బులో చిత్రం వేశారు. నీలవేణి ముందే బతిమాలింది: "ఎనిమిది రోజుల్లో పోటీకి పంపాలండీ. పొగడకండి, ఉన్నదున్నట్టు చెప్పండి."

మా క్లబ్బులో ఒక ఆచారం ఉంది. సినిమా అర్థం కాకపోతే గట్టిగా పొగడాలి. లెక్చరరు గారు సుత్తిలో వ్యవస్థను చూశారు. బ్యాంకు మేనేజరు గారు గింజలో విశ్వాన్ని చూశారు. ఇద్దరూ నా గొంతును మెచ్చుకున్నారు, నేను ఉబ్బిపోయాను. నీలవేణి మాత్రం కాగితం మీద ఒక్క ముక్క రాసుకోలేదు, పాపం. మొహం చిన్నబోయింది.

ఆఖరున నన్ను పేరయ్య గారికిచ్చారు. ఆయన సినిమా హాల్లో ముప్పై ఏళ్ళు ఆపరేటరు.

"అమ్మాయ్, నేను తెర చూళ్ళేదు. రీలెక్కించాక కన్నంలోంచి జనం తలకాయలు చూడ్డమే నాకలవాటు. తలలు కదిల్తే సినిమా పోయినట్టే."

"మరి ఎక్కడ కదిలాయి బాబాయ్ గారూ?" నీలవేణి కలం తీసింది.

"ముసలమ్మ చెయ్యాగినప్పుడు ఒక్క తలా కదల్లేదు. తర్వాత నువ్వు మాట్లాడ్డం మొదలెట్టావు. మేనేజరు గారు చెప్పులు వెతుక్కున్నారు. ఆ మాటలు తీసెయ్ తల్లీ."

కుయ్యిమని అరిచి ఆ మాట చెడగొడదామనుకున్నాను. పెళ్ళిళ్ళలో పిలవకుండా వచ్చే ఆ కూత, ఆ పూట ఎంత ముక్కినా రాలేదు. నన్ను తీసెయ్యమన్న మాటను నేనే చివరి వరసదాకా ఖణీమని మోసుకెళ్ళాను. నీలవేణి గబగబా రాసుకుంది.

మళ్ళీ ఆదివారం నేను లేకుండా ఆ చిత్రం వేశారు. ముసలామె చెయ్యి ఆగింది. మళ్ళీ కొట్టడం మొదలెట్టింది. నాలుగు నిమిషాలు వట్టి సుత్తి చప్పుడు. నీలవేణి గుమ్మం దగ్గర నిలబడి తలలు చూస్తోంది; ఒక్కటీ కదల్లేదు. దీపాలు వెలిగాక నన్ను లెక్చరరు గారికిచ్చారు. ఆయన నన్ను అలాగే పక్కాయనకిచ్చారు. ఆయన ఇంకొకరికి. అలా చేతులన్నీ మారి పేరయ్య గారి ఒళ్ళోకొచ్చాను. ఆయన మీట నొక్కి నన్ను ఆపేశారు.

ఒప్పుకోవడానికి నా మనసు రావడంలేదు గాని, చిత్రం బాగుంది.