మెచ్చుకుంటే ఇచ్చెయ్యాలి

డెల్ఫీన్‌కి కడుపు మండిపోతోంది. మండదూ మరి? ఏళ్ళ తరబడి తను దొంగచాటుగా కళ్ళతో తాగేస్తూ, నోటితో మాత్రం ఒక్క మాట అనకుండా ఓర్చుకున్న వస్తువుని నిన్నగాక మొన్న వచ్చిన మనిషి చేతులకి తొడుక్కుని తిరుగుతోంది.

అవి వాళ్ళమ్మ కుట్టిన చేతితొడుగులు. మూస్ దుప్పి తోలుకి తనే పొగబెట్టి పదును చేసి, అంచులకి మెత్తటి బొచ్చు వేసి, పైన పూసలతో అడవి గులాబీలు కుట్టింది. అమ్మ పోయాక అవి పెద్దకూతురు బెర్నిస్‌కి వెళ్ళాయి. మా క్రీ ఆదివాసుల్లో ఒకరి వస్తువుని చూసి బాగుందన్నామంటే అడిగినట్టే లెక్క. అన్న మరుక్షణం తీసి చేతిలో పెట్టేస్తారు. అందుకే పరువుగల మనిషెవరూ పక్కవాళ్ళ వస్తువుని నోరారా మెచ్చుకోరు. అక్కని అడుక్కున్నట్టు ఉంటుందని డెల్ఫీన్ ప్రతి చలికాలమూ ఆ గులాబీల మీంచి చూపు తిప్పుకుంటూ వచ్చింది.

కెనడాలోని సస్కటూన్‌లో బెర్నిస్ నడిపే పూసలపని కంపెనీలో అందరూ క్రీ ఆడవాళ్ళే. గాజా మీద బాంబులు పడుతున్న రోజుల్లో ఆవిడ అందరినీ కూర్చోబెట్టి, "మన తాతల్ని వాళ్ళ నేల మీంచి తోలేసినప్పుడు మన తరఫున ఎవడైనా నోరు విప్పాడా? మనం విప్పుదాం" అంది. వీధివైపు అద్దానికి పాలస్తీనా జెండా కట్టింది. పెద్ద దుకాణాల వాళ్ళు ఆర్డర్లు మానుకున్నా దించలేదు. డెల్ఫీన్ కూడా సరేనంది, ఊరేగింపులో గొంతు పోయేలా అరిచింది కూడా. ఒక జనానికి తోడు నిలబడటం సులువే. ఆ జనంలోంచి ఒకావిడ వచ్చి పక్క కుర్చీలో కూర్చుని అక్క ముద్దులన్నీ కొట్టేస్తుంటే ఓర్చుకోవడమే కష్టం.

ఆ వచ్చినావిడ నుహాద్. గాజాలోని ఖాన్ యూనిస్ నుంచి ప్రాణాలు దక్కించుకుని ఈ ఊళ్ళో ఉన్న తమ్ముడి దగ్గరికి చేరింది. ఎర్రదారంతో వాళ్ళ ఊరి కుట్టు నేర్పుతుందని బెర్నిస్ పనిలో పెట్టుకుంది. వచ్చిన మొదటి వారమే బెర్నిస్ చేతులకున్న తొడుగులు చూసి, "అబ్బ! ఎంత అందంగా ఉన్నాయక్కా!" అనేసింది. బెర్నిస్ అక్కడికక్కడే విప్పి ఇచ్చింది.

"అయ్యో, వద్దక్కా."

"తీసుకో."

"మీకే ఉండనివ్వండి."

"తీసుకోమంటుంటే!"

"మీమీద ఒట్టు, వద్దు!"

వాళ్ళ దేశంలోనూ మెచ్చినదాన్ని తీసుకోమనడం మర్యాదే. కాకపోతే అక్కడ మెచ్చినవాళ్ళు వద్దువద్దంటారు, ఇస్తానన్నవాళ్ళు చివరికి తమ దగ్గరే ఉంచుకుంటారు. మాకు ఆ రెండో సగం లేదు. బెర్నిస్ వాటిని ఆ పిల్ల చేతులకి తొడిగేసి టీ పెట్టడానికి వెళ్ళిపోయింది.

అప్పట్నుంచి నుహాద్ ఏం చేసినా డెల్ఫీన్‌కి ఒంటికి కారం రాసుకున్నట్టే ఉండేది. ఆ పిల్లకేమో మెచ్చుకోకుండా పూట గడవదు. బానక్ రొట్టె బాగుందంటుంది, సూప్ బాగుందంటుంది. "డెల్ఫీనక్కా, మీరు కుట్టిన ఆకులు గాలికి కదుల్తున్నట్టే ఉన్నాయి!" అని ఓసారి చప్పట్లు కొట్టింది.

"అది కంపెనీ సరుకు. నీకివ్వడానికి నాది కాదు" అని కసిరింది డెల్ఫీన్. తర్వాత పక్కనున్న లోర్నాతో గొణిగింది. "అక్కట, అక్క! మా అమ్మ దీన్నెప్పుడు కన్నదో!"

లోర్నా పూసలు ఎక్కిస్తూనే నవ్వింది. "నీ మొహం చూస్తే పాలు విరిగేట్టున్నాయే. పోయి నువ్వూ ఆ తొడుగుల్ని మెచ్చుకో, నీకే ఇచ్చేస్తుంది."

లోర్నా వేళాకోళానికే అంది. డెల్ఫీన్‌కి మాత్రం రాత్రంతా నిద్ర పట్టలేదు.

మర్నాడు పని దిగే వేళ, అందరూ కోట్లు వేసుకుంటుంటే డెల్ఫీన్ వచ్చి నుహాద్‌కి ఎదురుగా నిలబడింది. అందరికీ వినపడేలా, "అబ్బ, ఎంత బాగున్నాయో ఈ తొడుగులు!" అంది. లోర్నా చేతిలో టోపీ జారిపోయింది.

నుహాద్ ఒక్క క్షణం డెల్ఫీన్ మొహంలోకి చూసి, తొడుగులు విప్పి రెండు చేతులా అందించింది. "తీసుకోండక్కా." వద్దంటుందేమోనని కాసేపు ఆగింది. డెల్ఫీన్ ఒక్కసారి కూడా వద్దనలేదు. నుహాద్ సంచీలోంచి పల్చటి ఉన్ని తొడుగులు తీసి వేసుకుని బస్సుకి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రమంతా డెల్ఫీన్‌కి గెలిచినట్టే ఉంది. పొగవాసన పీలుస్తూ టీవీ ముందు కూడా వాటిని విప్పలేదు. మర్నాడు బెర్నిస్ చూసింది.

"కావాలంటే నాతో ఒక్క మాట అనొచ్చుగా?"

"ఎట్లా అంటాను? అడుక్కున్నట్టు ఉండదూ?"

"ఇన్నేళ్ళలో నువ్వు వీటి వంకే చూడలేదు. అమ్మ పని నీకు నచ్చదనుకున్నానే." బెర్నిస్ లోపలికి వెళ్ళిపోయింది. నాలుగు తిట్టినా బాగుండేది.

నుహాద్ ఎప్పటిలాగే వచ్చేది, ఓపిగ్గా కుట్టు నేర్పేది. కాని దేన్నీ మెచ్చుకోవడం మానేసింది. సూప్ తలవంచుకుని తాగేది. పీడా పోయిందనుకుంది డెల్ఫీన్ మొదట్లో. తర్వాత తర్వాత ఆకు పూర్తయినప్పుడల్లా తనకి తెలియకుండానే పక్కకి చూడసాగింది. నుహాద్ చూసేది, పెదవులు బిగించి మళ్ళీ సూది మీదికి వంగేది. ఫోన్‌లో తమ్ముడితో వాళ్ళ భాషలో గలగలా మాట్లాడుతుంటే డెల్ఫీన్‌కి ఆ తమ్ముడి మీదా కుళ్ళొచ్చింది. వాడికి దక్కే మాటలు తనకెందుకు దక్కవు? ఇన్నేళ్ళ పనిలో బాగుందన్న మాట చెప్పింది ఆ పిల్ల ఒక్కతే, ఆ నోరూ తనే మూయించింది.

తొడుగులు తిరిగి ఇచ్చేద్దామంటే కుదరదు. పుచ్చుకున్నదాన్ని వెనక్కిస్తే ఇచ్చినవాళ్ళ మొహాన కొట్టినట్టే.

ముక్కులో ఊపిరి గడ్డకట్టే చలి ఉన్న రోజున డెల్ఫీన్ బస్టాపు దాకా వెంటపడింది. నుహాద్ చేతులు చంకల్లో దాచుకుని నిలబడి ఉంది. డెల్ఫీన్ గులాబీలు కనపడేలా రెండు చేతులూ ఆమె మొహం ముందు పెట్టింది.

"ఎట్లా ఉన్నాయే ఇవి?"

నుహాద్ చూపు రోడ్డు మీదికి తిప్పుకుంది. "నన్నడక్కండక్కా. నేను నోరు తెరిస్తే మీరు ఇచ్చెయ్యాలి. ఆ తప్పు మళ్ళీ చెయ్యను."

దూరంగా బస్సు మలుపు తిరిగింది. డెల్ఫీన్ చేతులు దించలేదు.

"అందుకే అనమంటున్నానే" అంది. "ఒక్కసారి అనవే, తల్లీ."