బల్ల కింది బ్యాటరీలు

మా అర్ఫా పడుకునే బల్ల కిందే బ్యాటరీలు పెట్టారు. పడవలో ఇంకెక్కడా చోటు లేదన్నాడు మా ఆయన సుభానీ. నిజమే, లేదు. ఉన్నది ఒక్కటే చిన్న గది. అటొక బల్ల, ఇటొక బల్ల, మధ్యలో మనిషి పక్కకి తిరిగి నడిచేంత సందు. పొయ్యీ అక్కడే, గిన్నెలూ అక్కడే. మూడేళ్ల పిల్లని బ్యాటరీల మీద పడుకోబెట్టి కన్ను మూయడం నాకు చేతకాలేదు. పది రోజులైంది సరిగ్గా నిద్రపోయి.

పడవ మాది కాదు. తుళ్లూరు దగ్గరి ఊళ్లో ఉండే చైతన్యకృష్ణ గారిది. రాజధాని కోసం పొలం ఇచ్చేశాక ఆయనకి తెల్లారి లేస్తే వెళ్లడానికి చేను లేకుండా పోయింది. రెండేళ్లు ఊరికే కూర్చుని, చెన్నైలో ఎవరో పాత తెరచాప పడవ అమ్ముతుంటే వెళ్లి కొనుక్కొచ్చారు. నిజాంపట్నం హార్బరులో, చేపల పడవలకి కాస్త ఎడంగా లంగరేసి ఉంచారు. దాని మీద పాండిచ్చేరి దాకా పోవాలని ఆయన కోరిక. ఇంజను నడుస్తున్నంతసేపే లైటు వెలిగేది. ఇంజను ఆపితే గంటలో అన్నీ ఆరిపోయేవి. ఆ బాగుచేత పని మీదే మేం వచ్చాం.

మా షాపు గుంటూరులో, మిర్చి యార్డు వెనక సందులో. ఇన్వర్టర్లూ బ్యాటరీలూ. షాపు వెనకే ఇల్లు. సీజను వచ్చిందంటే ఆ సందులో లారీలు తప్ప మనుషులు కనపడరు. టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, దించే కూలీలు ఘాటుకి మూతికి గుడ్డ కట్టుకుంటారు, మూడేళ్ల పిల్లకి ఎంతసేపని గుడ్డ కడతాం? పోయిన మార్చిలో అర్ఫాని నాలుగుసార్లు ఆసుపత్రిలో పెట్టాం. ఊపిరి తీస్తుంటే డొక్కలు లోపలికి పోయేవి. మందులు ఎన్ని మార్చినా ఆ ఘాటులో ఉంటే లాభం లేదు, చోటు మార్చండని డాక్టరమ్మ చెప్పింది. ఎక్కడికి మారతాం, షాపు అక్కడే కదా అని ఏడుస్తూ ఇంటికొచ్చాను.

అందుకే చైతన్యకృష్ణ గారు కబురు చేసినప్పుడు పిల్లని ఎత్తుకుని నేనూ వచ్చేశాను. ఆయన పడవలో నిలబడి చెప్పిన మాట నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. "ఇంజను ముట్టించకుండా ఒక పగలంతా నడవాలి సుభానీ. ఫ్రిజ్జు, ఫ్యాను, వైర్‌లెస్సు, అన్నీ. నడిస్తే మీ సంసారం ఇక్కడే ఉండి పడవ చూసుకోండి. నడవలేదా, పడవల కరెంటు పని చేసే కాకినాడ వాళ్లని పిలుస్తాను. వాళ్ల మనిషే ఉంటాడు."

నాకు ఫ్రిజ్జుతో పనిలేదు, పాండిచ్చేరితో పనిలేదు. ఫిబ్రవరిలో మళ్లీ మిర్చి దిగేనాటికి పిల్ల గుంటూరులో ఉండకూడదు. అంతే. సముద్రపు గాలికి వారంలోనే పిల్ల ఛాతీలో పిల్లికూతలు తగ్గాయి. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి నెబులైజరు పెడితే చాలు.

మా ఆయన పనిమంతుడే. పాత బ్యాటరీలు నాలుగూ తీశాడు. కొత్తవి రెండు లిథియంవి పెట్టాడు, ఒక్క చేత్తో ఎత్తేంత తేలిక. వెనకవైపు రెండు సోలారు పలకలు బిగించాడు, లోపల వైర్లన్నీ కొత్తవి లాగాడు. మమ్మల్ని ఒడ్డుకీ పడవకీ తిప్పేది ఐసు ఫ్యాక్టరీలో మిషను చూసే క్రీస్తుదాసు. తన నాటు పడవ పక్కన ఆపి రోజూ ఏదో ఒక చురక అంటించి పోయేవాడు.

"ఏరా సుభానీ, పడవక్కూడా కరెంటు పెట్టేశావ్. రీడింగు తీయడానికి లైన్‌మన్ ఈదుకుంటూ రావాలా ఏంటి?"

"నువ్వు మోసుకొద్దువుగాని లేరా, ఖాళీయేగా," అనేవాడు మా ఆయన వైర్లలోంచి తల ఎత్తకుండా.

అంతవరకూ బాగానే ఉంది. ఆ తర్వాతే తీసిన నాలుగింటిలో రెండు పాతవాటిని మళ్లీ తెచ్చి కొత్తవాటితో కలిపేశాడు.

తప్పని నాకూ అప్పుడు తోచలేదు. మావైపు ఎవరింట్లోనూ బ్యాటరీలన్నీ ఒక్కసారి మార్చరు. పోయినదాన్ని తీసేస్తారు, బాగున్నదాన్ని ఉంచి పక్కన కొత్తది కలుపుతారు. కోల్డ్ స్టోరేజీల్లో అయినా అంతే. పనికొచ్చే బ్యాటరీని పారేసే మెకానిక్కుని మావాళ్లు దొంగ అంటారు. "సారుకి ఫ్రిజ్జు నడవాలిగా, నాలుగుంటే బలం," అన్నాడు మా ఆయన. సరేలే అనుకున్నాను.

పాత బ్యాటరీలకి నీళ్లు పోసే పని పెళ్లైన దగ్గర్నుంచీ నాదే. షాపులో మూతలు తీసి చూసి, తగ్గినచోట డిస్టిల్డ్ వాటరు పోయడం, పైన తుడవడం. తొమ్మిదో తరగతిలో బడి మానిపించారు కాబట్టి లెక్కలు రావు కానీ చెయ్యి పెడితే ఏది బాగుందో ఏది లేదో తెలుస్తుంది. ఇక్కడా అలవాటు కొద్దీ బల్ల ఎత్తి చూశాను. రెండు పాతవాటిలో ఒకదానికి నీళ్లు దిగిపోయాయి. పోశాను. మర్నాటికి మళ్లీ దిగాయి. రెండోది అలాగే ఉంది. మొదటిదాని పక్కన చెయ్యి పెడితే వేడి, అప్పుడే దించిన పాలగిన్నెలా.

"ఏవండీ, ఇది రోజూ నీళ్లు తాగుతోంది."

"ఎండకి."

"రెండోది తాగట్లేదుగా. రెంటికీ ఒకటే ఎండ కదా."

"ఖుర్షిదా, నీకు గాలొచ్చినా భయమే, రాకపోయినా భయమే. పదిహేనేళ్ల నుంచి చేస్తున్నా ఈ పని. పిల్లకి అన్నం పెట్టుపో."

కొత్త బ్యాటరీల డబ్బాలో వచ్చిన కాగితంలో ఆయన మేకులు చుట్టి పెట్టాడు. అది విప్పి చూశాను. అంతా ఇంగ్లీషే. ఒక బొమ్మ మాత్రం అర్థమైంది. కొత్త బ్యాటరీ, దాని పక్కన మూతలున్న పాత బ్యాటరీ, రెంటినీ కలుపుతూ వైరు. ఆ వైరు మీద ఎర్రగా ఇంటూ మార్కు. తీసుకెళ్లి చూపించాను. చూశాడు. చాలాసేపే చూశాడు. "అది వేరే దేశాల్లో వాళ్లకి," అని మడిచి జేబులో పెట్టుకున్నాడు.

అప్పటికే చైతన్యకృష్ణ గారు శుక్రవారం వస్తున్నానని ఫోను చేశారు. మధ్యలో రెండు రోజులే ఉన్నాయి. ఆ రెండు రోజులూ నేను చెప్పాను, మా ఆయన విసుక్కున్నాడు. ఆయనకీ భయమేనని నాకు తెలుస్తూనే ఉంది. నీళ్లు పోసే లెడ్డు బ్యాటరీ అయితే ఆయన కళ్లు మూసుకుని విప్పి కడతాడు. ఈ లిథియం ఆయనకీ మొదటిసారే. ఆ మాట ఒప్పుకుంటే పని పోతుంది.

శుక్రవారం పొద్దున మబ్బు పట్టింది. వాయుగుండం అన్నారు, చేపల పడవలు కూడా కదల్లేదు. చైతన్యకృష్ణ గారు క్రీస్తుదాసు పడవలో వచ్చి, తెచ్చుకున్న నీళ్ల సీసాలూ మజ్జిగా ఫ్రిజ్జులో పెట్టుకున్నారు. "ఇంజను తాళం నా జేబులో ఉంటుంది. ఇవాళ దాని జోలికి పోవద్దు," అని నవ్వారు. ఆయన మంచివాడే.

పదకొండు దాకా అన్నీ నడిచాయి. ఆయన వైర్‌లెస్సు ఆన్ చేసి ఎవరి మాటలో విన్నారు, ఫ్యాను కింద కూర్చున్నారు. "చేనుకి బోరేయించిన రోజు ఇట్లాగే కూర్చున్నా. నీళ్లు పడతాయా లేదా అని," అన్నారు. మా ఆయన గోడ మీద ఛార్జి చూపించే చిన్న డబ్బాలో అంకెలు చూస్తూ నిలబడ్డాడు. అంకె దిగుతోంది. సోలారు నుంచి వచ్చేదేమీ లేదు. ఫ్రిజ్జు తినేదానికంటే ఎక్కువే ఎటో పోతోంది. ఎటు పోతోందో నాకు తెలుసు, మా ఆయనకీ తెలుసు.

మధ్యాహ్నం అయ్యేసరికి గదిలో కుళ్లిన గుడ్డు వాసన మొదలైంది. చైతన్యకృష్ణ గారు ముక్కు ఎగబీల్చి, "హార్బరు వాసనా?" అన్నారు.

"ఆటు కదండీ, నీళ్లు తగ్గి బురద తేలుతుంది," అన్నాడు మా ఆయన.

బల్ల మీద పడుకున్న అర్ఫా దగ్గుతూ లేచింది. దగ్గు తెగలేదు. డొక్కలు లోపలికి పోవడం మొదలైంది. గుంటూరు వదిలాక మళ్లీ ఇప్పుడే చూశాను ఆ పోవడం. నెబులైజరు తీసి ప్లగ్గు పెట్టాను. మిషను గుర్రుమని, వెంటనే ఇన్వర్టరు కీచుమని అరిచి ఆగిపోయింది. ఫ్యాను కూడా ఆగింది.

"ఏమైంది?" అన్నారు చైతన్యకృష్ణ గారు.

"ఏం లేదు సార్, లోడు ఎక్కువైంది, ఒక్క నిమిషం," అంటున్నాడు మా ఆయన. ఆయన ముఖం నావైపు తిరిగింది. చెప్పొద్దని అడుగుతున్న ముఖం.

నేను పిల్లని ఎత్తుకున్నాను. "బురద వాసన కాదండీ. బల్ల కింద పాత బ్యాటరీ ఉడుకుతోంది. పాతవీ కొత్తవీ కలిపారు. కలపకూడదట. కొత్తవాటి పవరంతా అది తాగేస్తోంది. నా పిల్లకి మిషను ఆడట్లేదు, ముందు దాన్ని తీయించండి."

చైతన్యకృష్ణ గారు మా ఆయన వంక చూశారు. మా ఆయన ఎవరి వంకా చూడలేదు. వంగి బల్ల ఎత్తి, పాత బ్యాటరీ మీద చెయ్యి వేసి చటుక్కున తీసేశాడు.

"పిల్లని పైకి తీసుకెళ్లు," అన్నాడు. గొంతు మామూలుగానే ఉంది. "సార్, మీరూ వెళ్లండి. ఏ స్విచ్చూ ముట్టుకోవద్దు. గ్యాసు బయటికి పోనివ్వాలి."

పైన జల్లు పడుతోంది. పిల్ల తల మీద నా కొంగు కప్పి కూర్చున్నాను. వీపు రాస్తూ ఊపిరులు చూస్తున్నాను. చైతన్యకృష్ణ గారు తన గొడుగు తెచ్చి మా మీద పట్టుకుని నిలబడ్డారు. కిందినుంచి మా ఆయన స్పానరు చప్పుడు వినపడుతోంది. నల్ల వైరు ముందు, ఎర్ర వైరు తర్వాత. తీసేటప్పుడు ఆయన చేతులు ఎలా కదులుతాయో చూడకుండానే నాకు తెలుసు. కాసేపటికి పాత బ్యాటరీలు ఒక్కొక్కటే పైకి మోసుకొచ్చి పడవ చివరన పెట్టాడు. మళ్లీ కిందికి పోయి, చాలాసేపు ఆగి, పొడుగు వైరు ఒకటి పైకి అందించాడు.

"పెట్టు," అన్నాడు.

నెబులైజరు ఆడింది. మాస్కు పిల్ల ముఖానికి ఆనించి పట్టుకున్నాను. పది నిమిషాలకి డొక్కలు నిమ్మళించాయి. అప్పటిదాకా నేను ఎటూ చూడలేదు.

తలెత్తేసరికి చైతన్యకృష్ణ గారు మెట్ల దగ్గర నిలబడి అంటున్నారు, "సుభానీ, నీకు ముందే తెలుసా?"

"లెడ్డు అయితే నాకు తెలుసు సార్. ఇది తెలీదు. తెలుసనుకున్నాను."

"తెలీదని అంటే ఏమయ్యేది?"

"కాకినాడ వాళ్లు వచ్చేవాళ్లు సార్."

చైతన్యకృష్ణ గారు కిందికి దిగి ఫ్రిజ్జు కట్టేశారు. ఇప్పుడున్న రెండు బ్యాటరీలతో, ఈ మబ్బుకి అది నడవదు. తడిసిన చొక్కాతో బల్ల మీద కూర్చుని, చల్లదనం పోయిన మజ్జిగ తాగారు. "పగలంతా అన్నాను. మధ్యాహ్నమే అయిపోయింది," అన్నారు. కోపంగా అనలేదు, అదే నాకు ఎక్కువ భయమేసింది.

"అయ్యా," అన్నాను. "కాకినాడ వాళ్లని పిలిపించండి. వాళ్లు చేసేది మా ఆయన పక్కనుండి నేర్చుకుంటాడు. మమ్మల్ని మాత్రం మే నెల దాకా ఉండనివ్వండి. మిర్చి అయిపోయేదాకా. ఆ తర్వాత మీ ఇష్టం."

"మే దాకా ఇందులోనా? పసిపిల్లతో?"

"ఇందులోనే."

ఆయన పిల్ల వంక చూశారు. అది మాస్కు తీసేసి ఆయన గొడుగు తెరుస్తూ మూస్తూ ఉంది. "మే దాకా ఉండండి," అన్నారు. "జీతం సంగతి, పాండిచ్చేరి సంగతి తర్వాత చూద్దాం. బ్యాటరీల జోలికి మాత్రం వాళ్లొచ్చేదాకా ఎవరూ పోవద్దు." క్రీస్తుదాసు పడవ పిలిచి, పాత బ్యాటరీలు రెండూ ఎక్కించుకుని ఆయన వెళ్లిపోయారు.

మా ఆయన చేతులకి యాసిడ్ అంటింది. నేను వంటసోడా కలిపిన నీళ్లు పోస్తుంటే కడుక్కుంటూ, "సారు ముందే అనాలా?" అన్నాడు.

"మూడు రోజులు మీ ముందే అన్నాను."

ఆయన చేతులు కడుక్కుంటూనే ఉన్నాడు. నీళ్లు అయిపోయాయి. పిల్ల ఆకలి అంటోంది. ఒళ్లంతా ఎవరో పిండేసినట్టుంది. మే నెలకి ఇంకా ఆరు నెలలుంది, ఆరు నెలలు చాలా రోజులు అనుకుంటూ బియ్యం కడిగి ఎసట్లో పోశాను.