తడి ఆరని టాపు

"ఎత్తరా, ఎత్తు, నీ వైపు దిగిపోతోంది" అంటున్నాడు కూర్మారావు, చచ్చిపోయిన మనిషికి ఉండాల్సిన నెమ్మది ఏ కోశానా లేకుండా, ఎప్పటిలాగే విసుగ్గా, కారు టాపు అటు అంచు రెండు చేతులా పట్టుకుని. ఇటు అంచు పట్టుకున్న పైడిరాజుకి ఈ బావ కిందటి శ్రావణంలోనే పోయాడని తెలుసు, తెలిసినా ఎదురుగా ఉన్న మనిషితో ఆ మాట అనడం మర్యాద కాదనిపించి, మోకాళ్లు వంచి తన వైపు ఇంకాస్త పైకి లేపుతున్నాడు. వాళ్లు నిలబడింది పైడిరాజు ఇంటి వెనక రేకుల షెడ్డులోనే, కాకపోతే షెడ్డుకి ఒక గోడ లేదు, గోడ ఉండాల్సిన చోట బీచి రోడ్డు మొదలై, ఆ రోడ్డు మధ్యలో పెళ్లి పందిరి, పందిరి కింద వాళ్ల ఎర్ర కారు, రెండే సీట్ల కారు, నెత్తిన ఏమీ లేకుండా నిలబడి ఉంది.

ఆ కారు బావా బావమరదులిద్దరూ ముచ్చటపడి కలిసి కొన్నది. ఎండాకాలం, చలికాలం గుడ్డ టాపు వెనక్కి మడిచేసి భీమిలి దాకా గాలి తింటూ పోయేవారు. వానలు మొదలయ్యే ముందు, గుడ్డ వానకి ఆగదని, దానిపైన ఈ గట్టి టాపు బిగించేవారు, కార్తీకం దాటాక విప్పేవారు. ఒక్కడి వల్ల అయ్యే పని కాదది. చెరో వైపూ పట్టి, ఒకేసారి ఎత్తి, ముందు అద్దం చట్రం మీద ఆనించి, అప్పుడు వెనక దించాలి. అంతకంటే ముందు, సీట్ల వెనక మడిచిన గుడ్డ టాపు చెమ్మ లేకుండా ఆరి ఉండాలి. తడి గుడ్డ మడిచి పైన దీన్ని బిగించారో, వానాకాలమంతా లోపల మగ్గి, బూజు పట్టి, మడతల దగ్గర చీలికలైపోతుంది. ఒక ఏడు సరిగ్గా అలాగే అయింది. గుడ్డ మడిచింది కూర్మారావు. ఆ తర్వాత తన కూతురి పెళ్లి పందిట్లో, వియ్యాలవారు కారు ముచ్చట అడిగితే, "మా బామ్మర్ది తడిగుడ్డ మడిచి నాశనం చేశాడండి" అన్నదీ కూర్మారావే. నేను కాదు బావా అన్నాడు పైడిరాజు. నాగరత్నం, పైడిరాజుకి తోడబుట్టిన అక్క, కూర్మారావు పెళ్లాం, మొగుడి పక్కన నిలబడి, "తప్పు చేసి పైగా దబాయిస్తావేట్రా" అంది అందరూ వింటుండగా. ఒక గుడ్డముక్క కోసం రాకపోకలు తెగిపోయాయి. కారు వాళ్లింట్లో ఉండిపోయింది, టాపు వీళ్లింట్లో ఉండిపోయింది. బావ పోయాడని తెలిసి పరిగెత్తుకు వెళితే అక్క గుమ్మంలోంచే వెనక్కి పంపేసింది.

అందుకే పైడిరాజుకి ఇప్పుడు టాపూ అక్కర్లేదు, కారూ అక్కర్లేదు. మడిచింది వాడు కాదు, నేను అని ఈ మనిషి ఒక్కసారి అక్కతో అంటే చాలు, అక్క తలుపు తీస్తుంది.

"బావా, ఒక్క మాట" అంటున్నాడు.

"ముందు ఆనించు. రబ్బరు మడత పడుతోంది చూడు."

"ఆ గుడ్డ మడిచింది నువ్వే కదా."

"కొక్కేలు అప్పుడే బిగించీకు. అన్నీ వదులుగా తగిలించి, ఆ తర్వాత ఒక్కోటీ బిగించాలి. ఎన్నిసార్లు చెప్పినా నీకు తలకెక్కదు" అంటున్నాడు కూర్మారావు, కానీ కొక్కేలు బిగించడానికి కారు దగ్గర పడితే కదా, టాపు మోసుకుంటూ వాళ్లు నడుస్తున్న కొద్దీ పందిరి వెనక్కి జరుగుతోంది, పంక్తిలో కూర్చున్నవాళ్లు విస్తళ్లు ఎత్తుకుని దారి ఇస్తున్నారు, చినుకులు పడుతున్నాయి, టాపు వాళ్ల నెత్తి మీదే ఉంది కాబట్టి ఇద్దరూ తడవడం లేదు, ఆ కాసేపూ పైడిరాజుకి సిగ్గు విడిచిన సంతోషంగా ఉంది, ఎన్నాళ్లకి బావతో ఒక నీడన నడుస్తున్నాను అని.

"బాగానే దాచావురా" అంటున్నాడు కూర్మారావు, అంచు తడిమి చూస్తూ. "గీత పడలేదు."

"మెత్తలు కట్టిన స్టాండు మీద నిలబెట్టాను. ప్లాస్టిక్ కప్పితే చెమ్మ పడుతుందని నూలు దుప్పటి కప్పాను. వానలు పడితే దీనికోసమైనా వస్తారని చూశాను. మీ ఇంట్లోంచి ఒక్క పిట్టయినా రాలేదు."

"ఎలా వస్తాంరా."

"అక్కకి చెప్పు బావా. మడిచింది నేను కాదని చెప్పు."

"చచ్చినోణ్ని పట్టుకుని సాక్ష్యం అడుగుతావేట్రా" అని నవ్వుతున్నాడు కూర్మారావు.

"బతికున్నప్పుడు అడిగితే చెప్పావా?"

"అప్పుడెలా చెప్తాను, వియ్యాలవారు పక్కనే ఉన్నారు కదరా. పిల్లనిస్తున్నవాణ్ని, తెలివితక్కువవాడిలా కనబడితే ఎలా?"

ఆ మాటకి పైడిరాజు ఒళ్లు మండిపోతోంది, ఇంతేనా, ఇంత చిన్న సంగతికా నన్ను బజారుకీడ్చావు అని అరవబోతే నోట్లోంచి వస్తున్నది ఒక్కటే, "పాపం అక్క నీ మాట నమ్మింది" అని.

"మీ అక్క నా మాట ఎప్పుడు నమ్మిందిరా, పిచ్చోడా" అంటున్నాడు కూర్మారావు, అనేసి, వేరే పనేదో గుర్తొచ్చినవాడిలా తన వైపు అంచు వదిలేసి వానలోకి వెళ్లిపోతున్నాడు, బరువంతా పైడిరాజు చేతుల మీదికి వస్తోంది, పట్టుకో బావా, పట్టుకో అంటున్నాడు, ఒక్కడి వల్ల కాదు బావా అంటున్నాడు.

"ఏవండీ, లేవండి" అని భార్య భుజం కుదుపుతోంది. మధ్యాహ్నం భోంచేసి నడుం వాల్చినవాడు అలాగే నిద్రపోయాడు. "మీ అక్కవాళ్ల కారు కొన్నాయనంట. టాపు కోసం వచ్చాడు."

అక్క కారు అమ్మేసిందని కూడా పైడిరాజుకి తెలీదు. లుంగీ సర్దుకుంటూ బయటికి వెళ్లాడు. గేటు దగ్గర వ్యాను, వ్యాను పక్కన నెమ్మదైన మనిషి ఒకడు.

"మేడమ్ గారు టాపు మీ దగ్గరుందని చెప్పారండి."

"ఇంకేమైనా చెప్పిందా?" అన్నాడు పైడిరాజు. తన గొంతులో ఆశ తనకే వినబడి తల కొట్టేసినట్టయింది.

"చెప్పారండి. కింద గుడ్డ బాగా ఆరితే గానీ ఇది బిగించొద్దన్నారు. మా ఆయన ఒకసారి తడిగానే మడిచీసి పాడుచేశారు, మీరు జాగ్రత్త అన్నారండి."

"మా ఆయన అనే అందా?"

"అవునండి. అలాగే అన్నారు."

"నా గురించి?"

"మీ గురించేమీ అనలేదండి."

అంటే అక్కకి తెలుసు. ఎప్పట్నుంచి తెలుసో అడగడానికి ఈయన తగిన మనిషి కాదు. అడ్డమైనవాడికీ చెప్పింది, తమ్ముడికి చెప్పలేదు. పైడిరాజు షెడ్డు తలుపు తీసి, టాపు మీది దుప్పటి లాగి, కింద పడేశాడు.

"అటు వైపు పట్టుకోండి" అన్నాడు. "మధ్యలో వదలకండి."