గుడ్డ సముద్రం

ఒసాకాలో ఆ ఆదివారం మధ్యాహ్నం నాటకానికి వెళ్ళడం అచ్చిబాబుకి బొత్తిగా ఇష్టం లేదు. ఐదు రోజులుగా చేనేత ప్రదర్శనలో మగ్గం ముందు కూర్చుని, వచ్చిన ప్రతివాళ్ళకీ ఉప్పాడ చీరలో పువ్వు ఎలా దిగుతుందో నేసి చూపించి చూపించి నడుం పడిపోయింది. మర్నాడే తిరుగు ప్రయాణం. ఈ ఒక్క పూటా హోటల్ గదిలో తలుపేసుకుని, చొక్కా జేబులో దేశాలు దాటించి తెచ్చిన కాగితాన్ని భార్య ముందు పెట్టి, అటో ఇటో తేల్చేసుకోవాలని అతని పట్టుదల.

ఆ కాగితం సంగతి ముందు చెప్పుకోవాలి. ఉప్పాడలో వాళ్ళ ఇంటికీ సముద్రానికీ మధ్య ఇప్పుడు మిగిలింది ఇరవై అడుగులు. అచ్చిబాబు పెళ్ళైన కొత్తల్లో అక్కడ రోడ్డుండేది. రోడ్డవతల కొబ్బరిచెట్లు, వాటవతల పిల్లలు కబడ్డీ ఆడుకునేంత ఇసుక. అంతా సముద్రం తినేసి మూతి తుడుచుకుంది. మూడేళ్ళ కిందటే ఊరికి నాలుగు కిలోమీటర్ల లోపల కొత్త కాలనీలో స్థలం ఇస్తామన్నారు, పాత ఇల్లు ఖాళీ చేస్తున్నట్టు సంతకం పెట్టమన్నారు. ఈ నెలాఖరే ఆఖరి గడువు. ఇల్లేమో భార్య లోవలక్ష్మి పేరున ఉంది. ఆవిడ పెట్టదు.

ఎందుకు పెట్టవే అంటే ఉలుకూ పలుకూ లేదు. మగ్గం గుంట మీద మమకారమేమోనని, కాలనీలో అంతకన్నా మంచి గుంట తవ్విస్తానన్నాడు. బతిమాలాడు, కసిరాడు, వదినగారి చేత చెప్పించాడు. ఊళ్ళో వాళ్ళు ప్రతి చిన్నదానికీ కొంప మునిగిందంటారు గానీ, ఆ మాటని అక్షరాలా వాడవలసివచ్చినవాడు అచ్చిబాబొక్కడే. ఏదో ఒక తుపానుకి ఆ ఇల్లూ, ఇంట్లో కూర్చున్న ఈ మనిషీ కలిసే పోతారని అతని భయం. వానాకాలం వస్తే చాలు, కెరటం వెనక గోడకి కొట్టినప్పుడల్లా లేచి కూర్చుని, పక్కన ఆవిడ ఉందో లేదో చూసుకునేవాడు.

సరిగ్గా కాగితం తీయబోతుంటే కౌముది వచ్చింది. రాజమండ్రి పిల్ల. ఒసాకాలోనే ఏదో కంపెనీలో ఉద్యోగం. ప్రదర్శనకి మనవాళ్ళొచ్చారని తెలిసి, సెలవు పెట్టి మరీ ఐదు రోజులూ వీళ్ళకి నోరై నిలబడింది.

“బాబాయిగారూ, పిన్నిగారూ, లేవండి. టికెట్లు తీసేశాను. పిల్లలూ పెద్దలూ కలిసి చూసే నాటకమండి, అన్నీ పాటలే.”

“భాష రాని నాటకానికొచ్చి ఏం చేస్తామమ్మా?” అన్నాడు అచ్చిబాబు.

“మీరు ఐదు రోజులూ భాష రానివాళ్ళకే కదండీ మగ్గం చూపించారు, వాళ్ళేమన్నా వెళ్ళిపోయారా?” అంది కౌముది. ఈలోగా లోవలక్ష్మి చీర మార్చుకుని, చెప్పులు కూడా వేసేసుకుంది. ఇంక అచ్చిబాబు చేసేదేముంది?

హాల్లోకి అడుగుపెట్టాక మాత్రం అతని సణుగుడు గొంతులోనే ఆగిపోయింది. అంత హాలు, అంతమంది పిల్లలు, ఒక్కడి గొంతు పైకి లేస్తే ఒట్టు. పొట్టి పిల్లలకి కుర్చీ మీద ఇంకో మెత్త వేసి కూర్చోబెడుతున్నారు. స్టేజీ ముందు నేలలో పొడుగాటి గుంట, అందులో ముప్ఫై మంది వాయిద్యాలు పట్టుకుని కూర్చున్నారు. “మనలాగే గుంటలో కూర్చుని పని చేస్తారే వీళ్ళూ,” అన్నాడు భార్యతో. దీపాలు ఆరిపోయాయి. తెర లేచింది. స్టేజీ మీద సూర్యుడు ఉదయించాడు. ఎక్కడినుంచి ఎలా వచ్చాడో అచ్చిబాబుకి ఇప్పటికీ అంతుపట్టలేదు. ఆ వెలుగు వచ్చి తన మోకాళ్ళ మీద పడితే, వెచ్చగా ఉందనిపించి చేత్తో తడుముకుని చూసుకున్నాడు.

కథ తేలికే. సముద్రం ఒడ్డున ఒక ఇల్లు. అందులో అమ్మ, నాన్న, ఎనిమిదేళ్ళ పిల్ల, ఒక ముసలావిడ. పీత వేషం వేసినవాడు అడ్డంగా నడిచి అందరినీ నవ్విస్తాడు. కర్రలకి కట్టిన తెల్ల పక్షులు జనం నెత్తిమీదుగా ఎగిరి వెళతాయి. ఓ పక్షి తన తల మీదుగా పోతుంటే అచ్చిబాబు నిజంగానే తల వంచేశాడు, పక్క కుర్చీలో పిల్ల కిసుక్కుమంది. ఆ పాటలా! ఒక్క ముక్క అర్థం కాకపోయినా, ఏ పాట అన్నం దగ్గర పాడుకునేదో, ఏ పాట వలలు లాగేటప్పటిదో ఇట్టే తెలిసిపోతోంది. కౌముది గుసగుసగా అర్థం చెప్పబోతే లోవలక్ష్మి ఆ అమ్మాయి చేతి మీద చెయ్యి వేసింది. “చెప్పకమ్మా. నాకు తెలుస్తోంది.”

సముద్రాన్ని గుడ్డతో చేశారు. మొదట స్టేజీ చివర ఒక నీలం పేలిక, చీర పన్నా అంత. రెండో రంగానికి అది రెండు చీరలంత అయింది. నల్లబట్టలు వేసుకున్న మనుషులు కొందరు అంచులు పట్టుకుని వంగి ఊపుతుంటే, ఆ గుడ్డ ఊపిరి తీస్తున్నట్టు లేస్తోంది, పడుతోంది. మూడో రంగానికి ముంగిట్లో ఆరేసిన వలలు దాని కిందికి వెళ్ళిపోయాయి. అచ్చిబాబుకి ఒళ్ళు జలదరించింది. ఒక్కసారి విరుచుకుపడే ఉప్పెన కాదిది. ఏడాదికి ఇంత, ఏడాదికి ఇంత అని కొరుక్కు తినే సముద్రం. దీన్ని తను ఎరుగును. ఈ జపాను వాళ్ళకి తన ఇంటి వెనక సంగతి ఎవరు చెప్పారు?

విరామం అయ్యాక ఊరంతా మూటలు నెత్తిన పెట్టుకుని, పాడుకుంటూ కొండెక్కింది. ముసలావిడ మాత్రం గుమ్మంలో కూర్చుంది. రానంది. భాష రాకపోయినా రాననడం తెలియదా ఎవరికైనా? అచ్చిబాబు భార్య వైపు చూశాడు. ఆవిడ కళ్ళార్పడం లేదు. వీపు కుర్చీకి ఆనించడం కూడా లేదు.

చిన్నపిల్ల కొండ దిగి వచ్చింది. ముసలావిడ చెయ్యి పట్టుకుని ఏదో పాడింది, లాగింది. ముసలావిడ లేచి నాలుగు మెట్లు ఎక్కి, అక్కడ ఆగి వెనక్కి తిరిగింది. వాయిద్యాలన్నీ ఆగిపోయి ఒక్క వేణువు మిగిలింది. అప్పుడు స్టేజీ అంతా సముద్రమైంది. మూరలు కాదు, బారలు కాదు, అంత గుడ్డ అచ్చిబాబు తన జన్మలో చూడలేదు. ఇంటి గోడలు ఒకటొకటిగా ఒరిగాయి. లోపల వెలుగుతున్న దీపం మాత్రం ఆరలేదు. పల్చటి నీలం గుడ్డ దాన్ని కప్పేశాక కూడా లోపల్నుంచి కనిపిస్తూనే ఉంది. కిందికి, ఇంకా కిందికి దిగి, చుక్కంతయి, పోయింది. వేణువూ ఆగిపోయింది. వెయ్యిమంది ఊపిరి బిగబట్టారు.

“వన్స్ మోర్!”

అరిచింది లోవలక్ష్మి. లేచి నిలబడి అరిచింది.

మన వైపు అదేం తప్పు కాదు. పిఠాపురం తీర్థంలో పద్యనాటకం ఆడుతుంటే, పద్యం నచ్చితే జనం వన్స్ మోర్ అంటారు, పాడినవాడు పాడవలసిందే. చచ్చిపడున్న రాజైనా సరే, లేచి, కిరీటం సర్దుకుని, రాగం తీసి, పద్యం ముగించి మళ్ళీ చచ్చిపోతాడు. అది కళాకారుడికి కిరీటం పెట్టినట్టు. కానీ ఇక్కడ వెయ్యి తలలు ఒక్కసారి వెనక్కి తిరిగాయి. కౌముది ముఖం పాలిపోయింది. అచ్చిబాబుకి తల తీసేసినట్టయింది.

“కూర్చోవే!” అని చెయ్యి లాగాడు.

“చెప్పమ్మా వాళ్ళకి,” అంది లోవలక్ష్మి కౌముదితో, వినీ వినబడని గొంతుతో. “ఇంకొక్కసారి ముంచమను.”

నాటకం తనంతట తను సాగిపోయింది. కొండ మీద కొత్త ఇళ్ళు లేచాయి, పీత మళ్ళీ వచ్చింది, పిల్లలు చప్పట్లు కొట్టారు. లోవలక్ష్మి కొంగు నోట్లో కుక్కుకుని ఆ చివరి పాటంతా ఏడుస్తూనే ఉంది.

అయిపోగానే కౌముది క్షమాపణ చెప్పుకొస్తానని లోపలికి పరిగెత్తింది. బయట వరండాలో బెంచీ మీద భార్యాభర్తలిద్దరే మిగిలారు. అచ్చిబాబు తిడదామనే నోరు తెరిచాడు.

“మా నాన్న ఇల్లు పోయిన నాడు,” అంది లోవలక్ష్మి, “నేనెక్కడున్నానండీ?”

అతను జ్ఞాపకాల్లో వెతుక్కున్నాడు. పదిహేనేళ్ళ కిందటి మాట. ఇద్దరూ పిఠాపురంలో చీరలు ఇచ్చి వచ్చేసరికి సాయంత్రమైంది. మామగారిల్లు అప్పటికే సగానికి పైగా నీళ్ళలో ఉంది. పడమటి గోడొక్కటే నిలబడి ఉంది.

“ఆ గోడ పడబోతుంటే మీరేం చేశారు?”

అచ్చిబాబుకి గుర్తొచ్చింది. ఆవిడ చూసి తట్టుకోలేదని, రెండు చేతులతో కళ్ళు మూసి, గుండెకి అదిమి, వెనక్కి తిప్పేశాడు. ఇన్నాళ్ళూ తను చేసిన మంచి పనుల్లో అదొకటని అనుకుంటూ వచ్చాడు.

“చప్పుడు విన్నానండి. చూళ్ళేదు. కళ్ళు విప్పేసరికి నీళ్ళే. నేను పుట్టిన ఇల్లు, ఎలా పోయిందో నాకు తెలీదు. ఇప్పటికీ నిద్దట్లో ఆ గోడ పడుతూనే ఉంటుంది, నేలని మాత్రం తాకదు. ఈ ఇల్లు కూడా నేను కాలనీలో వంట చేసుకుంటుంటే నా వెనకాల పోతుందా? పోనివ్వను. అక్కడే కూర్చుంటాను. చూస్తాను.”

మూడేళ్ళుగా అడుగుతున్న ప్రశ్నకి జవాబు దొరికింది. ఆ జవాబు తన రెండు అరచేతుల్లోనే ఉందని తెలిసి అచ్చిబాబుకి చచ్చినంత సిగ్గేసింది.

అప్పుడు కౌముది వచ్చింది. వెంట నల్లబట్టల్లో ఒక బక్కపల్చని పెద్దావిడ. ఆవిడ నడుం వంచి లోవలక్ష్మికి నమస్కారం పెట్టి ఏదో అంది.

“స్టేజీ అంతా చూసుకునేది ఈవిడేనండి. మీ ఊరి సంగతి చెప్పాను. సాయంత్రం ఆటకి ఎలాగూ ఇల్లు మళ్ళీ నిలబెట్టి, ఓసారి సరిచూసుకుంటారట. పిన్నిగారిని రమ్మంటున్నారు.”

స్టేజీ ఎక్కే ముందు లోవలక్ష్మి చెప్పులు విడిచి, మెట్టుకి దణ్ణం పెట్టుకుంది. అది చూసి పెద్దావిడ తనూ బూట్లు విప్పేసింది. ఖాళీ హాల్లో తాళ్ళ మీద గోడలు లేచాయి. దీపం వెలిగింది. దగ్గర్నుంచి చూస్తే ఆ సముద్రానికి ఎన్ని అతుకులో! అచ్చిబాబు వేళ్ళు ఊరుకోలేక కుట్టు తడిమి చూశాయి. ఇంత గుడ్డ, ఇన్ని కుట్లు, ఇంతమంది మనుషులు, అంతా ఒక ఇల్లు ఎలా పోతుందో పిల్లలకి చూపించడానికా! దండం పెట్టాలనిపించింది, పెట్టాడు కూడా.

ఆరుగురు అంచు పట్టుకున్నారు. పెద్దావిడ తన చేతిలో అంచు తెచ్చి లోవలక్ష్మికి ఇచ్చింది.

పాట లేదు, వేణువు లేదు. ఏడుగురి అడుగుల చప్పుడు. లోవలక్ష్మి సముద్రాన్ని తన చేతులతో లాక్కుంటూ వెళ్ళి ముంగిలి ముంచింది, గుమ్మం ముంచింది. తూర్పు గోడ ఒరిగింది. పడమటి గోడ ఊగింది. అచ్చిబాబు చేతులు రెండూ వాటంతటవే లేచాయి. లేచినవాటిని దించి, వెనక్కి కట్టుకున్నాడు. గోడ పడింది. లోవలక్ష్మి రెప్ప వెయ్యలేదు. గుడ్డ కింద దీపం దిగి, దిగి, ఆరిపోయేదాకా నిలబడి, అప్పుడు అంచుని జాగ్రత్తగా మడిచి పెద్దావిడ చేతికిచ్చింది.

కిందికి వచ్చాక చెప్పులు వేసుకుంటూ అంది. “ఊరెళ్ళగానే సంతకం పెడతానండి. మగ్గం మీంచి పడుగు దించేద్దాం.”

అచ్చిబాబు తలూపాడు.

“కానీ ఆ ఇల్లు పోయేరోజు ఎలాగోలా తెలుస్తుంది కదా. ఆ రోజు నేత మానేసి వెళదాం. పోయేదాకా అక్కడే నుంచుందాం.”

“నుంచుందాం.”

“మీరూ చూడాలి. నేనే కాదు, మీరు కూడా అప్పుడు చూళ్ళేదు. నా కళ్ళు మూసి, మీరు నా తల మీద ముఖం దాచుకున్నారు.”

అవును, ఆ రోజు అతనూ చూడలేదు.

“చూస్తానే,” అన్నాడు అచ్చిబాబు.