ఎర్రపూసల ఒర్రె

ముద్దలో రాయి తగిలితే భీమయ్య అరవడు, పళ్లెం విసిరేయడు. నమలడం ఆపేసి, ఆ రాయిని నాలుక చివరికి తెచ్చుకుని, వేలితో తీసి పళ్లెం అంచు మీద పెడతాడు. దాన్ని చూస్తాడు, తర్వాత భార్య సుగుణమ్మను చూస్తాడు. లేచి చెయ్యి కడుక్కుంటాడు. ఆ పూట ఇంట్లో ఇంకెవరికీ తిండి ఉండదు. "మొగోడు తినకుంట లేస్తె మనమెట్ల తింటమే" అని అత్త ఉప్పలమ్మ కుండల మీద మూతలు పెట్టేస్తుంది. పెళ్లయిన మొదటి ఏడు అలా మూడుసార్లు పస్తు పడుకున్నాక సుగుణమ్మకు బియ్యం గాలించడం పట్టుబడింది. నీళ్లు పోసిన గిన్నెను రెండు చేతుల మధ్య మెల్లగా తిప్పుతుంటే బియ్యం తేలి పక్క గిన్నెలోకి జారిపోతాయి, బరువైనది అడుగున మిగులుతుంది. నాలుగేళ్లు గడిచేసరికి ఆమె వేళ్లకు కళ్లు వచ్చాయి. రాయి తగలని ముద్ద గురించి మాట్లాడేవాళ్లెవరూ ఉండరు కాబట్టి ఆ సంగతి ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు.

ఆమె భీమయ్యకు రెండో భార్య. మొదటామె జములమ్మ అంతకు రెండేళ్ల ముందు ఎవరితోనో బొంబాయి లేచిపోయిందని చెప్పి పెళ్లి చేశారు. మక్తల్ అవతల, కర్ణాటక సరిహద్దుకు దగ్గర్లో ఉన్న ఆ ఊళ్లో సగం మంది కూలికి బొంబాయే పోతారు, అందుకని ఊరు నమ్మింది, సుగుణమ్మా నమ్మింది. నమ్మి, తిట్టుకుంది కూడా. కూరలో ఉప్పెక్కువైతే "జములమ్మ గూడ గిట్లనే చేసేది", బావి దగ్గర కాసేపు నిలబడితే "జములమ్మ లెక్క తిరుగుబోతువు గాకు" అనేవారు తల్లీకొడుకులు. ఆమె తన సుఖం తాను చూసుకుని, ఈ చాకిరీ అంతా నా నెత్తిన పడేసి పోయింది కదా అని సుగుణమ్మకు మండిపోయేది. ఇంట్లో ఇసుర్రాయి ఉండేది. దాని కట్టె పిడి ఒక పక్కకు అరిగిపోయి, ఎంత విసిరినా చేతికి ఇమిడేది కాదు. ఒకరోజు కుడిచెయ్యి పీకుతుంటే ఎడమచేత్తో పట్టుకుంది. అయిదు వేళ్లూ వాటి వాటి గుంటల్లో సరిగ్గా కూర్చున్నాయి. ఎవరో లోపలినుంచి తన చేతిని పట్టుకున్నట్టు అనిపించి చప్పున వదిలేసింది. ఆ రోజు మిగిలిన జొన్నలు కుడిచేత్తోనే విసిరింది.

ఇంకొకటి కూడా ఉండేది ఆమెను భయపెట్టేది. ఊరి పక్కన పారే ఒర్రెకు ఎగువన వాళ్ల చెలక, మెట్టభూమి. అంతా గట్టురాయి, మోకాలు లోతు తవ్వితే చాలు గడ్డపార ఖంగుమంటుంది. నడుమ మాత్రం గుడిసె వేసుకునేంత జాగా తెల్లటి సుద్ద. దున్నేటప్పుడు భీమయ్య అక్కడికి రాగానే నాగలి ఎత్తి పక్కకు తిప్పుకునేవాడు, సాళ్లన్నీ ఆ జాగా చుట్టూ వంకర తిరిగి పోయేవి. వాన ఎంత కురిసినా అక్కడ నీళ్లు నిలవవు, లోపలెవరో తాగేస్తున్నట్టు ఇంకిపోతాయి. అమావాస్య నాడు ఉప్పలమ్మ ఒక జొన్నరొట్టె తీసుకుపోయి దాని అంచున పెట్టి, వెనక్కి చూడకుండా ఇల్లు చేరేది. ఎందుకని అడిగితే "భూదేవికి" అనేది. మిట్టమధ్యాహ్నం ఒంటరిగా కలుపు తీస్తూ అటువైపు వీపు పెడితే సుగుణమ్మకు వెన్ను జలదరించేది. మొహం పెట్టి కూర్చుంటే మరీ భయమేసేది.

ఎనభై తొమ్మిదిలో దసరా వెళ్లాక సర్వేవాళ్లు జీపులో వచ్చి ఊరి బయట డేరాలు వేశారు. వాళ్ల పెద్ద లియాఖత్ అలీ, హైదరాబాద్ మనిషి. రాళ్లను సుత్తితో కొట్టి, భూతద్దంలో చూసి, ఒక్కోసారి నాలుకతో తాకి కూడా చూస్తాడు కాబట్టి ఊరు ఆయనకు రాళ్ల సారు అని పేరు పెట్టింది. ఒర్రెలో ఇసుక తోడి ఇనుప పళ్లేల్లో కడగడానికి కూలీలు కావాలన్నారు. వజ్రాల కోసమేనని పుకారు లేచింది. "నువ్వు గూడ పో. కండ్లవడితె ఒకటన్న కొంగుకు ముడేసుకొని రా" అని భీమయ్యే భార్యను పంపాడు.

మగవాళ్లు పళ్లేన్ని గట్టిగా ఊపి ఇసుకతో పాటు ఉన్నదంతా నీళ్లలో కలిపేస్తున్నారు. సుగుణమ్మ ఒడ్డున కూర్చుని బియ్యం గిన్నెలాగే తిప్పింది. ఇసుక జారిపోయి అడుగున నల్లటి పొడి, అందులో మూడు ఎర్రటి పూసలు మిగిలాయి. దానిమ్మ గింజ రంగు. సారు ప్యాంటు తడుస్తున్నా నీళ్లలోనే మోకాళ్ల మీద కూర్చుండిపోయాడు.

"ఎవరు నేర్పిన్రమ్మా నీకు?"

"ఎవరు నేర్పలే సార్. ఇంట్ల బియ్యం గాలిస్త."

"పదిహేనేండ్ల సంది చేస్తున్న. నాకే గింత సాఫ్‌గ రాదు," అన్నాడాయన. ఆమె తప్పు చేసినట్టు తల దించుకుంది.

మధ్యాహ్నం సద్దులు తిన్నాక ఆయనే చెప్పాడు. "మనం నిలవడ్డది ఉత్త పెంకమ్మా. అది గూడ ఒక్కతీరుగ ఉండదు, మనకు తెల్వకుంట జరుగుతనే ఉంటది. దాని కింద, నూరు మైళ్ల లోతుల మహా వేడి. వంద కోట్ల ఏండ్ల కిందట గీడ్నే యాడనో పెంకు పలిగి, కరిగిన రాయి సన్నటి తొవ్వ చేసుకొని పైకి తన్నుకొచ్చింది. వచ్చుకుంట లోపలి ఎర్రపూసలను ఎంబడి తెచ్చింది. నిప్పు ఎప్పుడో ఆరింది. తొవ్వ మాత్రం మూసుకపోయి అట్లనే ఉన్నది. వజ్రాలుంటె అండ్లనే ఉంటయ్. అది దొరకాలె."

"ఎట్ల దొరుకుతది సార్?"

"ఒర్రె ఎంబడి మీదికి పోవాలె. దగ్గరవడ్డ కొద్ది పూసలు పెరుగుతయ్. యాడ ఒక్కసారె ఆగిపోతయో, తొవ్వ ఆడ ఉన్నట్టు. ఇంకో గుర్తు చెప్త. చుట్టు గట్టురాయి ఉంటది, గా జాగా మటుకు మెత్తగ మురిగిపోయి ఉంటది. మీద సుద్ద."

సుగుణమ్మ చేతిలో పళ్లెం ఆగింది. అది ఎక్కడుందో తనకు తెలుసు. చెప్పలేదు. ఆమెకు తెలిసిన సంగతులు చాలా ఉన్నాయి, కానీ ఆ ఇంట్లో అడుగుపెట్టిన నాటి నుంచీ ఆమెను ఎవరూ ఏదీ అడగలేదు, అడగనిదే చెప్పే అలవాటు పోయింది. అదొక్కటే కాదు, ఆ సుద్ద కింద నిప్పు నడిచిన తొవ్వ ఉందని వినగానే, సరే ఇన్నాళ్లూ నన్ను భయపెట్టింది ఇదే కాబోలు అనుకోవాలి కదా, భయం తగ్గాలి కదా. తగ్గలేదు. పెరిగింది.

రోజుకు ఇంత చొప్పున ఒర్రె ఎక్కారు. పళ్లేనికి మూడు పూసలు పోయి ఏడు, పన్నెండు, ఇరవై అయ్యాయి. పూసలు పెరిగే కొద్దీ తమ చెలక దగ్గరవుతోంది. తాను వెతుకుతున్నదో, అదే తనను పిలుచుకుంటున్నదో సుగుణమ్మకు అర్థమయ్యేది కాదు.

పక్కనే జన్నత్ బీ పని చేసేది. అరవై ఏళ్ల మనిషి, చుట్టుపక్కల ఊళ్లన్నీ తిరిగి గాజులమ్మిన మనిషి, ప్రతి ఇంటి ఆడవాళ్ల చేతులూ ఆమెకు తెలుసు. ఆ రోజు సుగుణమ్మ నీళ్ల మీదికి వంగినప్పుడు, రవిక లోపల దాగి ఉండే నల్లదారం జారి, దానికున్న చిన్న వెండిబిళ్ల బయటికి ఊగింది. బిళ్ల మీద ఒక ఆడమనిషి బొమ్మ. పెళ్లినాడు ఉప్పలమ్మ కట్టి, ఎల్లమ్మ బిళ్ల, ఎవరికీ చూపొద్దు అని చెప్పింది.

జన్నత్ బీ దాన్ని రెండు వేళ్లతో పట్టుకుని చూసింది. "నీ సవతి ఎప్పుడు సచ్చిపోయింది బేటీ?"

"సచ్చిపోవుడేంది? బొంబాయి పోయింది గద."

"మరి గిదెందుకు కట్టిన్రు? మా దాంట్ల గీ రివాజు లేదు గని మీ దాంట్ల మస్తు చూసిన. మొదటామె సచ్చిపోతె, దయ్యమై పట్టకుంట రెండో ఆమె మెడల గట్టే సవతి బిళ్ల గిది. బతికున్నామెకు ఎవరన్న కడ్తరా?" అంది. బిళ్లను వదిలి, తనలో తాను అనుకుంటున్నట్టు అంది, "పాపం జములమ్మ. ఎడమచేతి వాటం మనిషి. ఎడమచేతి గాజులే ముందుగాల పలిగేటియి."

సుగుణమ్మ ఎడమ అరచేతిని చూసుకుంది. నీళ్లు ఎండకు వెచ్చగానే ఉన్నాయి. ఆమె మాత్రం ఆ చేతిని కొంగులో చుట్టుకుంది.

సాయంత్రం ఉప్పలమ్మ పొయ్యి ముందు రొట్టెలు తడుతోంది. సుగుణమ్మ ఎదురుగా కూర్చుని బిళ్ల బయటికి తీసింది. "అత్తా, గిది సవతి బిళ్లనట గద."

తట్టే చెయ్యి ఆగింది. పెనం మీది రొట్టె మాడిన వాసన వచ్చింది. "గాజులమ్ముకునేదానికి మన ఇంటి ముచ్చట్లెందుకే? నోరు మూసుకొని కట్టుకో. తీస్తె అది ఊకోదు."

"బొంబాయిల ఉన్నామె ఈడికెట్ల వస్తదత్తా?"

ఉప్పలమ్మ ఆరేళ్లు ఊరందరినీ నమ్మించిన మనిషే. కానీ బతికున్నవాళ్లకు అబద్ధం చెప్పినంత సులువుగా చచ్చినదానికి చెప్పలేక, కోడలి మెడలో తన చేత్తోనే నిజం కట్టింది. "నాకున్నది వాడొక్కడే పిల్లా," అంది చివరికి, పొయ్యిలోకి చూస్తూ. "కోపంల చెయ్యి జారింది."

గడపలో భీమయ్య నిలబడి ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో తెలియదు. వచ్చి కూర్చుని, మాడిన రొట్టెనే తుంచుకున్నాడు. "రేపు సారుకు మనది గాదు, తూర్పు చెలక చూపియ్యి. పూసలు ఆడ్నే ఆగినయని చెప్పు. నీ మాట నమ్ముతడు." గొంతు చాలా మెత్తగా ఉంది. నమిలి మింగాక మళ్లీ అన్నాడు, "ఊళ్లె నుంచి ఎవరన్న బొంబాయి పోయిన్రంటె ఎందుకు పోయిన్రని గూడ ఎవ్వరడుగుతలేరు. నువ్వు గూడ పోయేవు, జర పైలం."

నీ మాట నమ్ముతడు. ఆమె మాటకు విలువుందని నాలుగేళ్లలో భర్త ఒప్పుకోవడం అదే మొదలు, అదీ అబద్ధం చెప్పించడానికి. సుగుణమ్మ జొన్నలు తెచ్చుకుని ఇసుర్రాయి ముందు కూర్చుంది. ఏ ముద్దలో రాయి తగిలిందో జములమ్మ చచ్చిన ఆ రోజు. కూరలో ఉప్పెక్కువైందో, బావి దగ్గర కాసేపు నిలబడిందో. కంగారులో ఉన్నవాడికి మెత్తటి నేల కావాలి, చెలకంతటిలో గడ్డపార దిగే చోటు అదొక్కటే. వంద కోట్ల ఏళ్ల కిందట నిప్పు తొలిచిన తొవ్వ ఒక ఆడమనిషిని దాచడానికి పనికొచ్చింది. ఎక్కడికీ పోలేదు ఆమె. ఈ ఇంటి గోడలు అలికి, ఈ పిడిని అరగదీసి, కూతవేటు దూరంలోనే పడుకుంది, లేచిపోయిందన్న పేరుతో. అలాంటి మనిషిని తను నాలుగేళ్లు తిట్టుకుంది. సుగుణమ్మకు ఏడుపొచ్చింది, సిగ్గేసింది, ఆ రెండింటి వెనక భయం కూడా ఉంది. తూర్పు చెలక చూపిస్తే తను బతుకుతుంది. రేపో మాపో సర్వేవాళ్లు డేరాలు పీక్కుని పోతారు. తర్వాత ఎన్నాళ్లు బతుకుతుందన్నది ఇంకెన్ని ముద్దల్లో రాయి తగలకుండా చూసుకుంటుందన్న దాన్నిబట్టి ఉంటుంది.

ఆమె పిడిని ఎడమచేత్తో పట్టుకుంది. ఈసారి వదల్లేదు. జొన్నలు అయిపోయేదాకా విసిరింది.

పొద్దున తమ చెలక దగ్గర సారు, గడ్డపారలతో నలుగురు కూలీలు, జన్నత్ బీ ఉన్నారు. గట్టు మీద వేపపుల్ల నములుతూ భీమయ్య నిలబడ్డాడు. సుగుణమ్మ చివరి రెండు పళ్లేలు గాలించింది. సుద్దకు దిగువన తీసిన మట్టిలో అడుగంతా ఎర్రగా ఉంది. ఎగువన తీసినదాంట్లో ఒక్క పూస లేదు.

సారు పళ్లేల్లోకి తొంగి చూడలేదు, ఆమెనే చూశాడు. "చెప్పమ్మా. యాడ తవ్వుదాం?"

భీమయ్య నమలడం ఆపాడు. దగ్గి, తూర్పు వైపు చూశాడు.

సుగుణమ్మ లేచి చేతులు కొంగుకు తుడుచుకుంది. వంకర తిరిగిన సాళ్లు ఒక్కొక్కటే దాటుకుంటూ నడిచి, ఇన్నేళ్లలో ఎవరూ కాలు పెట్టని సుద్ద మీదికి ఎక్కింది. పాదం కొద్దిగా దిగింది. కింద చల్లగా, మెత్తగా ఉంది. భయం వేయలేదు. జన్నత్ బీ వచ్చి ఆమె పక్కన నిలబడింది. కూలీలు చుట్టూ చేరారు, ఒకడు గడ్డపార పైకెత్తాడు. సుగుణమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"గడ్డపారలు పక్కకు పెట్టుండ్రి," అంది గట్టు దాకా వినపడేలా. "ముందుగాల జీపును మక్తల్ ఠాణాకు పంపుండ్రి సార్. ఈడ మా అక్క ఉన్నది."