తొక్కు సీసా మూత

"తొక్కు సీసా కారొద్దు. దుబాయి దాక పోవాలె," అంది మా అత్త దేవవ్వ, మామిడి పచ్చడి సీసాలోకి ఎత్తుతూ. మరిది రాకేశ్ ప్రయాణం ఎల్లుండి. నా భర్త సంపత్ ఫోన్‌లోంచి తల ఎత్తకుండానే, మా ల్యాబులో మూతలకు చుట్టే సాగే కాగితం ఉంటుంది కదా, తెమ్మన్నాడు. ఆ ఫిల్మ్ ఒక్క ముక్కే మిగిలిందని, దానితో నాకు పనుందని చెప్పాను. "ముక్క కాయిదానికి గింత ఫికరా?" అన్నాడు. తెస్తానన్నాను.

నా పని ఏమిటో వాళ్లకు చెప్పలేదని కాదు. ఒక కణం ఇంకో కణానికి ఎదగమని కబురు పంపుతుంది. ఆ కబురు అందిన కణంలో ఒక ప్రోటీన్ కాస్త మారుతుంది. అలా మారినదాన్ని మాత్రమే పట్టుకునే యాంటీబాడీ నాలుగు నెలలు ఎదురుచూస్తే మా ల్యాబుకు వచ్చింది, చిన్న సీసాడు. ఇప్పుడు చివరి చుక్కలున్నాయి. నా థీసిస్‌లో చివరి ఫోటో వాటి మీదే ఆధారపడింది. ఇదంతా సగం చెప్పేసరికి అత్త లేచి కూర చూడబోయేది. సంపత్ "మంచిగున్నది" అనేవాడు.

మర్నాడు సాయంత్రం ఆ చుక్కలు కలిపిన ద్రావణంలో, ప్రోటీన్లు అంటించిన పొరను చిన్న డబ్బాలో నానబెట్టి ఫ్రిజ్‌లో పెట్టాను. మూతకు చుట్టాల్సిన ఫిల్మ్ నా బ్యాగులోనే ఉంది, తొక్కు సీసా కోసం. పొద్దున తొమ్మిదికల్లా వచ్చి కడిగేస్తాను, ఆలోపు ఆరదులే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

పొద్దున్నే ఖానాపూర్ నుంచి పద్నాలుగు మంది చుట్టాలు దిగారు, రాకేశ్‌ను సాగనంపడానికి. పెద్ద కోడలు లేకుండా దావత్ ఎట్లా అవుతుందని అత్త. ఎనిమిదికి అడిగాను, తొమ్మిదికి అడిగాను. గంటలో వచ్చేస్తానన్నాను. "నీ డబ్బా యాడికి పోతది? ఫ్రిజ్‌లనే ఉంటది గద," అన్నాడు సంపత్. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ల్యాబుకు చేరేసరికి నాలుగైంది. పొర ఎండి అంచులు ముడుచుకుంది. ఫోటో తీస్తే అన్నీ నల్లటి మరకలే. చివరి చుక్కలూ దానితోనే పోయాయి. డబ్బా ఒళ్లో పెట్టుకుని, నేల మీద కూర్చుని ఏడ్చాను.

సోమవారం మా గైడ్ అరుణ్‌కుమార్ సార్ కోప్పడలేదు. అదే ఎక్కువ బాధ పెట్టింది. ఇకమీదట ఈ పని మా ల్యాబులోనే ఉన్న రంజిత్ చేస్తాడని, అతనికి ఇంటి పరేషాన్లు లేవని మెల్లగా చెప్పాడు. ల్యాబు పుస్తకం తెరిచి, పని చెడినప్పుడు నింపే 'కారణం' గడి చూపించాడు. అందులో అంతకుముందే రెండు చోట్ల నా చేతిరాత ఉంది: మరచిపోయాను. ఒకటి అత్తకు జ్వరం వచ్చిన రోజు, ఇంకొకటి సంపత్ స్నేహితులు భోజనానికి వచ్చిన రోజు. ఇంటి పరువు కోసం రెండుసార్లూ తప్పు నా మతి మీద వేసుకున్నాను.

"గిప్పుడు గూడ మరిచిపోయిన అనే రాయమ్మా. మర్యాదగ ఉంటది," అన్నాడు సార్.

అప్పుడే ఫోన్ మోగింది. దుబాయి నుంచి రాకేశ్. "వదినా, తొక్కు ఒక్క చుక్క కారలే."

సంతోషమని చెప్పి ఫోన్ పెట్టేశాను. పెన్ను తీసుకుని రాశాను: 'మరచిపోలేదు. పొద్దుటి నుంచీ గుర్తుంది. రెండుసార్లు అడిగాను. ఇంట్లో పోనివ్వలేదు.' తర్వాత వెనక పేజీలు తిప్పి, ఆ రెండు చోట్లా 'మరచిపోయాను' కొట్టేసి, పక్కన సంతకం పెట్టాను.