జయపాల్ గోడ మీద సముద్రం

మహిమ పేరు చెబితే చిత్రకారులు జడుస్తారు. హైదరాబాదులోనో చెన్నైలోనో బొమ్మల ప్రదర్శనకి ఆమె వచ్చిందంటే, గీసినవాళ్లు కాఫీ వంకతో బయటికి జారుకుంటారు. బాగుంటే బాగుందని పత్రికలో రాస్తుంది, లేకపోతే ఎక్కడ చెడిందో రాస్తుంది. మొహమాటానికి ఒక్క ముక్క రాసి ఎరగదు.

ఈ విద్య ఆమెకి కాలేజీలో అబ్బింది కాదు. పొదిలి దగ్గర సొంత ఊళ్లో, చిన్నప్పుడు, దాణా కొట్టు గోడ మీద జయపాల్ ఆవుని వేస్తుంటే చూసి, "బాబాయ్, నీ ఆవుకి మోకాళ్లు లేవు" అంది. జయపాల్ బోర్డులు రాసే మనిషి, వాళ్ల నాన్నకి స్నేహితుడు. ఇంకొకరైతే కసిరి పొమ్మనేవాళ్లే. ఆయన నిచ్చెన దిగి, నాలుగడుగులు వెనక్కి వేసి చూసి, పకపకా నవ్వి మోకాళ్లు పెట్టాడు. అప్పటినుంచి ఏ బొమ్మ వేసినా ముందు ఆ పిల్లకే చూపించేవాడు.

ఇప్పుడు ఆయనే ఫోన్ చేశాడు. ఊరి చర్చిలో ప్రసంగ వేదిక వెనక గోడంతా బొమ్మ వేశాడట. నీళ్ల మీద నడవబోయి మునిగిపోతున్న పేతురు, చెయ్యందిస్తున్న ప్రభువు. సంఘపెద్ద నతానియేలు మాత్రం దాని మీద టైల్స్ అతికించాల్సిందేనని కూర్చున్నాడు. కారణం పైకి చెప్పడు గాని అందరికీ తెలుసు. ఆ మునిగే పేతురుది అచ్చం నతానియేలు ముఖం.

"ఆదివారం ఆరాధన అయ్యాక నువ్వు చెప్పేదాన్ని బట్టి తేలుస్తారంటమ్మా," అన్నాడు జయపాల్. "నా మొహం చూసి చెప్పబాక. అబద్ధం చెప్తే ముందు నాకే తెలిసిపోద్ది."

శనివారం సాయంత్రం ఊరికి వచ్చి మహిమ బొమ్మ చూసింది. మనుషులు అద్భుతంగా ఉన్నారు. సముద్రం మాత్రం వట్టి క్యాలెండరు సముద్రం, గంజి పెట్టి ఇస్త్రీ చేసిన చీరలా చదునుగా, ఒకటే నీలం. ఆ మాట చెబితే టైల్స్ పడతాయి. దాస్తే బాబాయ్ ముఖం ఇక ఎట్లా చూస్తుంది?

మర్నాడు ఆరాధన అయ్యాక లేచి నిలబడింది. ఆ చర్చిలో ముందుకొచ్చి ఎవరు ఏం మాట్లాడినా అది దేవుడి మేలు చెప్పుకునే సాక్ష్యమే. మాట ఆగినచోటల్లా సంఘం స్తోత్రం చెబుతుంది. పట్నాల్లో తిరిగి తిరిగి ఆ సంగతే మర్చిపోయింది మహిమ.

"ఈ సముద్రం బాగా కుదరలేదు," అంది.

"స్తోత్రం," అంది సంఘం.

తడబడింది. "నీళ్లలో ప్రాణం లేదు."

"స్తోత్రం."

"ఒక్క అలైనా లేని నీళ్లలో మనిషి ఎట్లా మునుగుతాడు?"

"ప్రభువుకే స్తోత్రం," అంది ముందు వరసలో ముసలి రెబ్కమ్మ, కళ్లు మూసుకుని, ఎంతో భక్తిగా.

మహిమకి నవ్వాగలేదు. ఆ నవ్వుతోనే భయమూ పోయింది. తన విమర్శని ఇంత ప్రేమగా పుచ్చుకున్నవాళ్లు ఇంతవరకూ లేరు.

"కానీ ఆ పేతురుని చూడండి. దేశదేశాల బొమ్మలు చూశాను. భయపడుతూనే నమ్ముతున్న ముఖం ఇట్లాంటిది చూళ్లేదు. ఆ ముఖాన్ని కప్పెయ్యకూడదు."

ఈసారి స్తోత్రం రాలేదు. అందరూ నతానియేలు వైపు తిరిగారు. ఆయన లేచి కండువా సర్దుకున్నాడు.

"ముఖం బాగుందన్నావా అమ్మా?"

"గోడంతటికీ అదే బాగుంది పెదనాన్నా."

నతానియేలు గోడ మీదున్న తన ముఖాన్ని తానే చూసుకున్నాడు. "అయితే ముఖం జోలికి పోబాకండి. నీళ్లు మాత్రం మళ్లీ వెయ్యాల్సిందే. మునిగేవాణ్ణి సరైన నీళ్లలో ముంచాలి గదా."

స్తోత్రం అని సంఘమంతా అరిచిన అరుపుకి కప్పు మీది పావురాలు లేచిపోయాయి. వెనక వరసలోంచి జయపాల్ లేచాడు. "నేను సముద్రం చూసిందెప్పుడమ్మా? బోర్డులు రాయటానికి కనిగిరి పోయా, దర్శి పోయా. సముద్రానికి బోర్డు ఎవరు రాయమంటారు?"

ఆ వారంలోనే నతానియేలు మిరపకాయ బస్తాలు తోలే తన వ్యానులో మహిమనీ జయపాల్‌నీ ఎక్కించుకుని కొత్తపట్నం సముద్రపొడ్డుకి బయల్దేరాడు. దారిపొడుగునా ముగ్గురికీ తుమ్ములే తుమ్ములు. జయపాల్ ప్యాంటు మడిచి మోకాళ్ల లోతు నీళ్లలోకి దిగి, వచ్చే అలనీ పోయే అలనీ చూస్తూ నిలబడ్డాడు. "అమ్మా, ఇది నీలం కాదే," అన్నాడు చివరికి. "మట్టి రంగుంది, పచ్చుంది, నడిమధ్య సున్నం తెలుపుంది." అంతలో ఒక అల వచ్చి ఆయన్ని పడేసింది. పరుగున వెళ్లి చెయ్యందించింది నతానియేలే.

ఈస్టరు ముందు మహిమ మళ్లీ వచ్చింది. గోడ మీద కొత్త సముద్రం పొర్లుతోంది. జయపాల్ నిచ్చెన మీదే ఉన్నాడు.

"చెప్పమ్మా, ఎక్కడ చెడింది?"

మహిమ దగ్గరికెళ్లి చూసింది, వెనక్కొచ్చి చూసింది, తప్పు కోసం అలవాటుగా గోడంతా వెతికింది. ఒక్కటీ దొరకలేదు.

"స్తోత్రం," అంది.

"అంతేనా?"

"అంతే బాబాయ్."

జయపాల్ నిచ్చెన దిగి, నాలుగడుగులు వెనక్కి వేసి, ఆమె పక్కనే నిలబడి తన సముద్రాన్ని చూసుకున్నాడు.